టిఫిన్ బండి దగ్గర సిలువ పాటలు పెట్టుకుంటే తప్పా?

టిఫిన్‌బండి_తెనాలి:

అందరికీ వందనాలండి. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ మనసు బాగోక రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

నాది తెనాలిలో చిన్న టిఫిన్ బండి. నాలుగున్నరకి పొయ్యి అంటిస్తే పదింటికి కట్టేస్తాం. బండి మీద చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి ఉంది, పొయ్యి అంటించిన కాణ్ణించి క్రైస్తవ పాటలే. ఇది మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు, ఆవిడ కీర్తన ఎత్తుకోకుండా పొయ్యిలో కట్టె కూడా ఎగదోసేది కాదు. చదువు రాదు, కీర్తనల పుస్తకం మాత్రం చేతిలో పట్టుకునేది, చాలాసార్లు తలకిందులుగా, పాడేదంతా నోటికే.

గొడవేంటంటే మొన్న శనివారం మా సంఘపెద్ద ఒకాయన ఇడ్లీ కట్టించుకోడానికి వచ్చాడు. అప్పుడు శ్రమల కీర్తన ఒకటి వస్తంది, ప్రభువుని కొరడాలతో కొట్టే చరణం. సరిగ్గా అప్పుడే మా కుర్రోడు చట్నీ బకెట్ వదిలేశాడు, ఐదు లీటర్ల పైనే ఉంటది, పల్లీ చట్నీ, నడిరోడ్డు మీద. పల్లీల రేటు మీకు తెలిసిందే. నోటికొచ్చింది తిట్టేశాను, వాళ్ళమ్మని కూడా కలిపి. ఆ పెద్దాయన ఏం కేకలెయ్యలేదు, పొట్లం తీసుకుని డబ్బులిచ్చి మెల్లగా ఒక్క మాటన్నాడు. "ఆయన దెబ్బలు తినే పాట పెట్టుకుని నువ్వు బూతులు తిడతన్నావే, బజ్జీల మూకుడు పక్కన దేవుడి పాటకి ఏం గౌరవం ఉంటదయ్యా, నామాన్ని వ్యర్థంగా ఎత్తడమంటే ఇదే." అని వెళ్ళిపోయాడు.

అరిచినా బాగుండేది. ఆ రోజు నించి స్పీకర్ ఆపేశా. బండి దగ్గర చావింటి ముందు నిలబడ్డట్టుంది. రోజూ వచ్చే ఆటోవాళ్ళు, వాళ్ళలో సగం మంది మనోళ్ళు కూడా కాదు, "ఏంటన్నా పాటలు లేవు" అంటన్నారు. మా ఆవిడేమో ఆయన మాటకేం గానీ పెట్టు అంటది. ఇంకోటి కూడా బుర్రలో తిరుగుతుంది, నా రింగ్‌టోన్ ఆరాధన పాటే, ఎవరన్నా చేస్తే "హల్లె" దగ్గర ఎత్తేస్తా, "లూయా" ఎప్పుడూ రాదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు, ఇప్పుడు ఫోన్ మోగితే చాలు సిగ్గేస్తంది.

తెలిసినవాళ్ళు చెప్పండి, నిజంగా అగౌరవమేనా? వాక్యంలో ఎక్కడన్నా ఉందా?

పాతక్వయర్_గుంటూరు:

బాబూ, నువ్వడిగావు కాబట్టి చెప్తన్నా, నొచ్చుకోకు. ఆ పెద్దాయన మాటలో సంగతి ఉంది.

నిర్గమకాండం 30వ అధ్యాయం చివర చూడు, దేవుడి గుడారంలో వెయ్యడానికి సాంబ్రాణీ అవీ సమపాళ్ళలో కలిపి ధూపం చెయ్యమన్నాడు, అదే పాళ్ళతో ఇంట్లో వాసనకి చేసుకుంటే వాణ్ణి జనంలోంచి కొట్టివేయాలన్నాడు. వాసన అదే, దినుసులు అవే, కానీ అది వేరుపరచినది. పరిశుద్ధం అంటేనే వేరుపరచడం. దానియేలు 5లో బెల్షస్సరు రాజు చేసింది కూడా అంతే కదా, మందిరం గిన్నెలు తెచ్చి విందులో మందు పోసుకున్నాడు. గిన్నె గిన్నేగా అనుకున్నాడు, ఆ రాత్రే పోయాడు.

మాది లూథరన్ సంఘం. నా చిన్నప్పుడు సంస్కారపు పాట, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు పాడేది, సంస్కారం రోజే. ఓసారి గోలీలాడుకుంటా అది కూనిరాగం తీస్తే మా నాన్న వెనకనించి వచ్చి చెంప పగలగొట్టాడు. ఎందుకు కొట్టావంటే "అది ఆయన బల్ల ముందర మోకాళ్ళేసి పాడేది రా" అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ ఈ రోజుకీ ఆ పాట మొదలైతే నాకు ఒళ్ళు జలదరిస్తది, రోజుకి నాలుగుసార్లు స్పీకర్లో విని ఉంటే జలదరించేదా?

పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు చూడు, 1803లో పుట్టి 1890లో పోయాడు మహానుభావుడు, ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయనవి పాడతన్నాం. ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఎందుకు? కూర్చుని, నేర్చుకుని, తాళం తప్పకుండా పాడమని. ఇప్పుడు నచ్చకపోతే స్కిప్ కొడతన్నారు. ప్రభువు మరణం గురించి పాడే చరణాన్ని బొటనవేలుతో పక్కకి తోస్తన్నాం, అదీ నా బాధ. నీ బండి సంగతొక్కటే కాదులే.

నాట్లపాట_మెదక్:

అంకుల్ మీరంటె గౌరవమే గని నేను ఒప్పుకోను.

ధూపానికి ఆ రూల్ పెట్టిండు, నిజమే. పాటకి ఎక్కడ పెట్టిండు? కీర్తనల గ్రంథంల ఒక్కో కీర్తన పైన పేరు సదువుండ్రి, 57, 142 కీర్తనల మీద దావీదు గుహల ఉన్నప్పుడు చేసినవని రాసుంటది. మందిరం లేదు, బల్ల లేదు, సౌలు రాజు సంపుతనని ఎంట పడ్డడు, ఆ భయంల పుట్టిన పాటలు. పౌలు సీలలు అర్ధరాత్రి పాడింది ఏడ? జైల్ల, కాళ్ళు బొండల ఏసి ఉంటే, ఖైదీలు వింటుంటే. ఆ జైలు కంపు కంటె బజ్జీల మూకుడు అపవిత్రమా?

మా అమ్మమ్మది మెదక్ దగ్గర పల్లె. 1924ల కట్టుడు అయిపోయిన పెద్ద గుడి ఉంటది గద, గా గుడికి ఏడాదికి రెండుసార్లు పోయేది, క్రిస్మస్‌కి ఒకసారి, ఈస్టర్‌కి ఒకసారి. మిగిలిన దినాలన్ని పొలమే. నాట్లు ఏస్తుంటె ఒకామె పాట అందుకుంటది, తక్కినోళ్ళు ఎనకనించి పల్లవి ఎత్తుతరు, బురదల మోకాళ్ళ దాక దిగి, నడుం వంచి. యేసయ్య పాటనే, ఉయ్యాల పాట బాణిల. ముఠాల క్రైస్తవులు కానోళ్ళు సుత పాడేటోళ్ళు. మధ్యల జలగ పడితె తిట్టుడు, పీకి అవతల పారేసుడు, మల్ల పాట. నా చెవుల అదే గుడి లెక్క ఉంటది ఇప్పటికి.

ఇది మనకే కొత్త కాదు. నాలుగో శతాబ్దం చివర్ల బేత్లెహేముల ఉన్న పౌల అనే భక్తురాలు, ఆమె బిడ్డ ఇద్దరు కలిసి, రోముల ఉన్న దోస్తుకి రాసిన ఉత్తరం ఒకటున్నది, బైబిల్ పండితుడు జెరోము ఉత్తరాలల్ల కలిసుంటది. అండ్ల ఏం రాసిన్రంటె, ఇక్కడ నాగలి పట్టినోడు హల్లెలూయ పాడుకుంట దున్నుతడు, కోత కోసేటోడు కీర్తనలు పాడుకుంట చెమట మర్చిపోతడు, తీగలు కత్తిరించేటోడు దావీదు పాట పాడతడు, ఈ ఊర్ల ప్రేమ పాటలంటె ఇవే అని. మెచ్చుకుంట రాసిన్రు, తప్పని కాదు.

పాట గుడిలనే ఉండాలంటె మా అమ్మమ్మకి ఏడాదికి రెండు దినాలే దేవుడు. వంటింట్ల ఉండే ఆడోళ్ళ సంగతి ఎన్నడన్న ఆలోచించిన్రా మీరు? అన్నా, నువ్వు పిలగాన్ని తిట్టింది తప్పు. పాట పెట్టింది కాదు. రెండిటిని కలపకు.

దోశప్రియ:

ఇంత చర్చ అవసరమా బాస్, దోశ బాగుంటే మేం ఏ పాటకైనా రెడీ 😀

బర్మింగ్‌హామ్_బాస్ :

పైన వాళ్ళిద్దరూ చెప్పాక నాదో వేరే సంగతి. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక ఔత్సాహిక క్వయర్‌లో పాడతాను (బాస్ గొంతు, అంటే మగవాళ్ళలో అన్నిటికన్నా కింది స్థాయి, పేరు చూసి దోశప్రియ గారు కంగారు పడకండి). ప్రతి డిసెంబర్‌లో హాండెల్ అనే సంగీతకర్త కట్టిన మెస్సయా అనే పెద్ద పాటల కూర్పు పాడతాం, టికెట్ పెట్టి, హాల్లో. మాటలన్నీ బైబిల్ వచనాలే. మధ్యలో ఇంటర్వెల్, జనం వైన్ గ్లాసులు పట్టుకుని నిలబడి కబుర్లు, మళ్ళీ బెల్ కొట్టగానే లోపలికొచ్చి "అతడు తృణీకరింపబడెను" వినడం. మొదటేడు నాకు కడుపులో తిప్పింది నిజంగా, మా ఊళ్ళో మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మూడు గంటలు నీళ్ళు ముట్టకుండా కూర్చుని విన్న మాటలవి.

తర్వాత చదివితే తెలిసింది, ఇదే గొడవ అది పుట్టినప్పుడే అయిందని. మొదట పాడింది 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, చర్చిలో కాదు, ఫిషాంబుల్ స్ట్రీట్ అని చేపల బజారు వీధిలో ఉన్న మ్యూజిక్ హాల్లో. జనం ఎక్కువ పట్టాలని ఆడవాళ్ళని గౌన్ల కింద రింగులు వేసుకురావద్దని, మగవాళ్ళని కత్తులు పెట్టుకురావద్దని ప్రకటన ఇచ్చారు. అక్కడి పెద్ద చర్చికి డీన్, అంటే పెద్ద గురువు, జొనాథన్ స్విఫ్ట్ (గలివర్ కథ రాసిన రచయితే, ఆయనే) మా గాయకులు మీ ఫిడేళ్ళ వాళ్ళతో కలిసి పాడటానికి వీల్లేదని ముందు అడ్డం పడ్డాడు, తర్వాత వదిలాడు. అందులో పాడిన సుసానా సిబ్బర్ నాటకాల్లో వేషాలు వేసే ఆవిడ, పైగా కాపురం గొడవ కోర్టుకెక్కి పరువు పోయి ఉన్న సమయం. ఆవిడ పాడింది విని ఒక పాస్టర్ లేచి, అమ్మా ఈ పాట కోసం నీ పాపాలన్నీ క్షమింపబడును గాక అన్నాడని చెప్తారు. వచ్చిన డబ్బులో ఒక వాటా అప్పులు కట్టలేక జైల్లో ఉన్నవాళ్ళని విడిపించడానికి పోయింది.

మరుసటేడు లండన్ థియేటర్‌లో పెట్టబోతే పేపర్లో ఉత్తరం వచ్చింది, ఆటశాలలో దేవుడి మాటలేంటి, అదేమన్నా గుడా, పాడేవాళ్ళేమన్నా యాజకులా అని. ఇలాంటి గొడవలు తప్పించుకోడానికి హాండెల్ ప్రకటనల్లో మెస్సయా అన్న పేరే వాడకుండా "కొత్త పవిత్ర ఒరటోరియో" (వేషాలు లేకుండా పాడే పాటల కథ) అని వేయించాడు.

కాబట్టి మీ పెద్దాయన 1743 నాటి మనిషి అంతే 🙂 అలాగని ఆయన్ని కొట్టిపారెయ్యను. వైన్ గ్లాసు సంగతి నాకింకా మింగుడు పడలేదు. అలవాటు పడ్డాను, అంతే, అలవాటు పడటం మంచిదో కాదో తెలీదు.

గుణదల_కొండ:

మేం కేథలిక్కులం. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వచ్చినవాళ్ళకి తెలుసు, మరియమ్మ పాట ఒక మైకులో, పక్కనే బజ్జీల కొట్లు, ఇంకో మైకులో తప్పిపోయిన పిల్లాడి పేరు, ఎవరికీ అగౌరవంగా అనిపించదు, కొండెక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉంటారు, తలనీలాలిచ్చేవాళ్ళు ఇస్తూనే ఉంటారు.

మా దగ్గర భయం ఎప్పుడూ రెండోవైపు. 1987లో వాటికన్ నుంచి చర్చిల్లో కచేరీల గురించి ఒక లేఖ వచ్చింది, అందులో పట్టింపంతా చర్చి లోపల ఏం వాయించాలన్న దాని గురించే, గుడిని మామూలు కచేరీ హాలు చెయ్యకండి, లోపల పెడితే టికెట్ పెట్టకండి, పాడేవాళ్ళు బలిపీఠం దగ్గర నిలబడకండి అని. బయటికెళ్ళే పాటని ఆపాలని కాదు. లోపలికొచ్చే సరుకు చూసుకోమని.

నాకు ఒళ్ళు మండేది సినిమా ట్యూన్లకి. ఐటెం సాంగ్ బాణీకి యేసయ్య మాటలు పెట్టి పాడతారు, వినగానే హీరోయిన్ కళ్ళ ముందు ఆడుద్ది. దాన్ని అడగరేం ఎవరూ, బండివాణ్ణి పట్టుకుంటారు.

బర్మింగ్‌హామ్_బాస్ :

గుణదల గారూ, సినిమా ట్యూన్ల మీద నాకూ ఒళ్ళు మంటే, కానీ ఒకటి చెప్పాలి. సిలువ పాటల్లో ప్రపంచమంతా పాడే జర్మన్ పాట ఒకటుంది, ముళ్ళ కిరీటం పెట్టిన శిరస్సు గురించి. దాని బాణీ 1601లో హాస్లర్ అనే జర్మన్ సంగీతకర్త అచ్చేయించిన ప్రేమ పాటది, ఒక పిల్ల వల్ల నా మతి పోయిందని ఏడ్చే పాట. అదే బాణీని ఇంకో పెద్ద సంగీతకర్త బాఖ్, మత్తయి సువార్తలోని సిలువ కథకి కట్టిన శ్రమల సంగీతంలో మళ్ళీ మళ్ళీ వాడాడు. ఇవాళ ఆ పిల్ల ఎవరికీ గుర్తు రాదు. మీ ఐటెం సాంగ్‌కి కూడా నాలుగొందల ఏళ్ళు టైమివ్వండి. లూథరన్ సంఘాలకి మూలమైన లూథర్ సారాకొట్టు పాటలకి దేవుడి మాటలు పెట్టాడని మనవాళ్ళు స్టేజీల మీద చెప్తుంటారు చూడండి, అది మాత్రం ఉత్త మాట, బార్ అనేది అక్కడ పాట కట్టే ఒక పద్ధతి పేరు, దాన్ని మందు బార్ అనుకున్నారు.

కీబోర్డ్_కుర్రోడు:

అన్నా నేను రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించా. పేరు చెప్పను, ఊరు చెప్పను.

నేను కీబోర్డ్ వాయిస్తా. ఆదివారం రెండు చర్చిలు, సాయంత్రం ఎక్కడన్నా కూటం ఉంటే అది, ఇదే నా బతుకుదెరువు. పాస్టర్ గారు ప్రార్థన చేసేటప్పుడు కింద ప్యాడ్ సౌండ్ ఒకటి పట్టుకుని ఉంచాలి, తెలుసు కదా, ఆ సన్నగా సాగే సౌండు, అది ఉంటేనే జనం కదులుతారు. ఎడమ చేత్తో కీ నొక్కి పట్టుకుంటా. కుడి చేతిలో స్టాండ్ చాటున ఫోన్. క్రికెట్ స్కోరు. ముందు వరసలో ఒకామె వెక్కి వెక్కి ఏడుస్తుంది, పాస్టర్ గారు గొంతు పెంచితే నేను వాల్యూం పెంచుతా, కళ్ళు స్కోరు మీదే. ఎవరికీ తెలీదు. గుళ్ళోనే, ఆరాధన మధ్యలోనే, బూతు కూడా లేదు.

యెహెజ్కేలు 33:32 ఒకసారి చదవండి. ప్రవక్తతో దేవుడంటాడు, నువ్వు వాళ్ళకి మంచి గొంతుతో వాద్యం బాగా వాయించే పాటగాడిలా ఉన్నావు, వింటారు, చెయ్యరు అని. అది వినేవాళ్ళ గురించి చెప్పిన మాట, కానీ నాకు మాత్రం వాయించేవాడి వీపు మీద చరిచినట్టుంటది.

నువ్వు పాట వింటూ తిట్టి, తర్వాత మనసు బాగోక ఇక్కడికొచ్చి రాశావు చూడు. నాకు ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది, అదీ తేడా.

పాతక్వయర్_గుంటూరు:

కీబోర్డు అబ్బాయ్, రాసినందుకు నీకు దండం పెడతన్నా, ఎకసెక్కం కాదు. క్వయర్లో నలభై ఏళ్ళు నిలబడినోణ్ణి, సగం ఆదివారాలు నేనూ పాడతా ఇంటికెళ్ళాక తినే కోడికూర సంగతే ఆలోచించా.

మెదక్ అమ్మాయి మాట గురించి ఆలోచించాను. మా అమ్మ కూడా దంపుళ్ళ దగ్గర పాడేది, నాన్న ఆవిణ్ణి ఎప్పుడూ ఏమనలా, నన్నే కొట్టాడు. ఇన్నేళ్ళూ నాకిది తట్టలేదు. అయినా సరే, నా మాట ఒకటుంది, తాను పాడటం వేరు, పెట్టెని పాడమని వదిలేసి మన పని మనం చూసుకోవడం వేరు. నాట్లేసే ఆవిడ నోరే పాడతంది, ఆ నోటికి అప్పుడు ఇంకో మాట రాదు. స్పీకర్ పాడితే మన నోరు ఖాళీగా ఉంటది, ఖాళీ నోట్లోంచే వస్తాయి తిట్లు. సంస్కారపు పాట మటుకు బండి మీద వద్దు బాబూ, ఆ ఒక్కటి ఉంచెయ్.

నాట్లపాట_మెదక్:

అంకుల్, గిది మంచిగ చెప్పిన్రు. దీనికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి డ్యూటీల నేను సుత ఇయర్‌ఫోన్ పెట్టుకునుడే, పాడుడు బందయి ఎన్నేండ్లయిందో.

టిఫిన్‌బండి_తెనాలి:

అందరికీ వందనాలు, అన్నీ చదివా, కొన్ని మా ఆవిడకి చదివి వినిపించా. కీబోర్డు తమ్ముడిది చదివేటప్పుడు గొంతు పూడుకుపోయింది.

చెప్పేదేంటంటే, రింగ్‌టోన్ తీసేశా, మామూలు ట్రింగ్ ట్రింగ్ పెట్టుకున్నా, దాన్లో మటుకు నాకే డౌటు లేదు. బల్ల దగ్గర పాడే పాటలు మెమరీ కార్డులోంచి తీసేశా గుంటూరు పెద్దాయన కోసం. స్పీకర్ మళ్ళీ పెట్టా, కానీ ఆరింటికి. నాలుగున్నర నించి ఆరు దాకా పిండి కలుపుతా నేనే పాడతన్నా, బండి దగ్గర అప్పుడు ఎవరూ ఉండరు గాబట్టి సరిపోయింది, నా గొంతు సంగతి మీకు తెలీదు. మొదటిరోజు రెండు చరణాలకే ఆగిపోయా, మూడోది రాలేదు, ముప్పై ఏళ్ళు విన్న పాట.

కుర్రోడికి సారీ చెప్పా. వాడికి అదేం పట్టలా, బకెట్ డబ్బులు జీతంలో కొయ్యట్లేదు కదా అని అడిగాడు. మూడోరోజు పొద్దున వాడు ఉల్లిపాయలు కోస్తా నేను మర్చిపోయిన ఆ మూడో చరణం వాడే అందుకున్నాడు. వాడు మనోడు కాదు, గుడికి వెళ్ళడు, వాళ్ళింట్లో అమ్మవారి పూజ. నాలుగేళ్ళు నా స్పీకర్ విని పట్టేశాడు, కొన్ని మాటలు తప్పులు, "ఏల" అన్న చోట "వేళ" అంటన్నాడు. ఏల అంటే ఎందుకు అని రా అని చెప్తే, "మరి ఎందుకు అనొచ్చుగా" అన్నాడు.

మా అమ్మ పుస్తకం పెట్టెలోంచి తీశాను గానీ ఆ కీర్తన ఉన్న పేజీ పైభాగం చెదలు తినేసింది, రాగం తాళం రాసిన లైను పోయింది. పెద్దాయనా, పాట మొదటి లైను మీకు మెసేజ్ పెడతన్నా, మీ పుస్తకంలో చూసి చెప్తారా? కుర్రోడు అడుగుతున్నాడు.

పాతక్వయర్_గుంటూరు:

కళ్ళజోడు పెట్టుకుని చూస్తా ఉండు. సాయంత్రం ఫోన్ చెయ్యి, పాడి వినిపిస్తా. వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టు.